ఊరు లేని చర్చి

ఇంగ్లండు ఉత్తర భాగాన, యార్క్ నగరానికి ఈశాన్యంగా, యార్క్‌షైర్ వోల్డ్స్ అనే సుద్దరాతి మెట్టలు ఉన్నాయి. వాటిని కొండలనడం కొంచెం ఎక్కువే. గుండ్రని వీపుల వంటి మెరకలు, వాటి నడుమ నిట్టనిలువుగా దిగిపోయే ఇరుకు లోయలు. అటువంటి ఒక లోయ అంచున పైకప్పు లేని రాతి చర్చి ఒకటి నిలిచి ఉన్నది. దాని గోపురం సగం కూలిపోయింది. చుట్టుప్రక్కల ఊరు లేదు, అంగడి లేదు. చూడదలచినవారు దూరాన బండి ఆపి, గట్టు దిగి, కాలినడకన రావలసిందే. గంట మ్రోగిస్తే వినడానికి మనిషి లేని చోట ఇంత రాతి కట్టడం ఎవరు కట్టారు, ఎవరి కోసం కట్టారు అన్న ప్రశ్న కలుగక మానదు.

జవాబు చర్చికి ఎగువన, పడమటి మెట్ట మీది పచ్చికలో ఉన్నది. మిట్టమధ్యాహ్నం చూస్తే అది వట్టి పశువుల బీడు. ఉదయమో సాయంకాలమో, ఎండ ఏటవాలుగా పడే వేళ చూడాలి. గడ్డి క్రింద దీర్ఘచతురస్రపు మిట్టలు వరుసలు తీరి పైకి తేలుతాయి. అవి ఇండ్ల పునాదులు. వాటి వెనుక సాగిన సన్నని గట్లు పెరళ్ళ హద్దులు. వరుసల మధ్య లోతుగా అరిగిన పల్లం ఊరి డొంక. తరతరాల మనుషులు, ఎడ్లు నడిచి నడిచి దానిని అంత లోతు చేశారు. ఆ ఊరి పేరు వార్రమ్ పెర్సీ. అక్కడ కడపటి పొయ్యి ఆరి అయిదు వందల ఏండ్లు దాటింది.

ఇంగ్లండులో ఊరు వేరు, పారిష్ వేరు. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతం. ఆ పరిధిలో పుట్టిన బిడ్డకు అక్కడే జ్ఞానస్నానం, అక్కడే పెండ్లి, అక్కడి మట్టిలోనే సమాధి. పంటలో పదోవంతు ఆ చర్చికే చెల్లించాలి. వార్రమ్ పెర్సీ పారిష్ క్రింద మధ్యయుగంలో అయిదు ఊళ్ళు ఉండేవి: వార్రమ్ పెర్సీ, రేస్‌థార్ప్, బర్డేల్, టౌథార్ప్, థిక్సెన్‌డేల్. ‘థార్ప్’ అనేది డేన్లు వెంట తెచ్చిన మాట. పెద్ద ఊరికి ఎడంగా వెలసిన పల్లెను వారు అట్లా పిలిచేవారు. మన ఊళ్ళ పేర్ల చివర వచ్చే ‘పాలెం’ వంటిదనుకోవచ్చు. 1086 లో విజేత విలియం రాజు తన దేశంలోని భూములన్నిటికి లెక్కలు కట్టించి డూమ్స్‌డే గ్రంథం వ్రాయించిన నాటికే ఈ మెట్టల మీద సేద్యం పాతబడిపోయింది.

ఆ అయిదు ఊళ్ళలో నాలుగు పోయాయి. ఒక్క థిక్సెన్‌డేల్ మిగిలింది.

జనం విడిచిన ఊరిని తెలుగు ప్రాంతాల రెవిన్యూ లెక్కలలో ‘బేచిరాగ్’ అంటారు. దీపం లేనిది అని ఆ పారశీక పదానికి అర్థం. పేరుకు గ్రామం, హద్దులున్న గ్రామం, శిస్తు లెక్కలకెక్కిన గ్రామం. సాయంకాలం దీపం పెట్టే ఇల్లు మాత్రం ఉండదు. ఇంగ్లీషు చరిత్రకారులకు ఇంత చక్కని మాట లేకపోయింది. ‘నిర్జన మధ్యయుగ గ్రామం’ అన్న పొడిమాటతోనే సరిపెట్టుకున్నారు. ఆ పేరు స్థిరపడి కూడ ఎంతో కాలం కాలేదు. 1940 ప్రాంతాల వరకు ఇంగ్లండు ఆర్థిక చరిత్రకారులలో ప్రముఖులు తమ దేశంలో పాడుబడిన పల్లెలు బహు అరుదని నమ్మేవారు. ఇప్పుడు తేలిన లెక్క దాదాపు 3000. కళ్ళ ఎదుటనున్న మూడు వేల ఊళ్ళు పండితుల కంటబడక పోవడమే ఈ కథలో మొదటి విడ్డూరం.

కంటబడేటట్టు చేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మారిస్ బెరెస్‌ఫర్డ్. 1920 లో జన్మించిన ఈయన పురాతత్త్వవేత్త కాదు, ఆర్థిక చరిత్ర పంతులు. ఇంగ్లండు నడిబొడ్డున పాత పొలాల చాళ్ళను పటాలతో సరిపోల్చుకుంటూ తిరిగే రోజులలో ఆయనకొక సంగతి తోచింది. చాళ్ళు సాగి సాగి ఒకచోట హఠాత్తుగా ఆగిపోతున్నాయి. ఆగినచోట అర్థం కాని గుంటలు, మిట్టలు ఉంటున్నాయి. పన్నుల చిట్టాలు తిరగవేస్తే ఆ చోట ఒకప్పుడు పన్ను కట్టిన ఊరు కనబడుతున్నది. 1948 లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వచ్చిన బెరెస్‌ఫర్డ్ ఆ యేడే మొదటిసారి వార్రమ్ పెర్సీ చూశాడు. 1950 లో కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని, పలుగు పార పట్టి పచ్చిక తొలగించాడు. కొద్ది అంగుళాల క్రిందనే గోడ తగిలింది.

ఆ త్రవ్వకంలో ఉత్సాహం పాలు ఎక్కువ, శాస్త్రం పాలు తక్కువ. 1952 లో జాన్ హర్స్ట్ అనే యువ పురాతత్త్వవేత్త వచ్చి చేరడంతో ఆ లోటు తీరింది. ఒకరు కాగితాలు చదివేవాడు, మరొకరు మట్టి చదివేవాడు. స్వభావాలు కూడ వేరు: బెరెస్‌ఫర్డ్ మాటకారి, హర్స్ట్ మితభాషి. ఈ జోడీ 1950 నుంచి 1990 వరకు నలభై ఏండ్లు ఏటేటా వేసవిలో కొద్ది వారాలు అక్కడ శిబిరం వేసింది. కూలీలు లేరు, వచ్చినవారందరు స్వచ్ఛందంగా వచ్చినవారే. విద్యార్థులు, ఉపాధ్యాయులు, గృహిణులు, వీరితోబాటు బెరెస్‌ఫర్డ్ చొరవ వల్ల బాలనేరస్థుల సంస్కరణశాలల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు కూడ ఒకే గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షులతో మట్టి దులిపేవారు. ఆ త్రవ్వకాల నివేదికలు పదమూడు సంపుటాలైనాయి. కడపటి సంపుటం 2012 లో వెలువడే నాటికి మిత్రులిద్దరు గతించారు. హర్స్ట్ 2003 లో, బెరెస్‌ఫర్డ్ 2005 లో.

వారి పద్ధతిలో ఒక కొత్తదనం ఉన్నది. అంతకుముందు ఇంగ్లండులో కోటలు, మఠాలు త్రవ్వినవారు గోడ వెంట సన్నని కందకం తీసుకుంటూ పోయేవారు. కోటగోడకు అది సరిపోవచ్చును. పేదరైతు ఇంటికి గోడ అంటే ఒక వరుస సుద్దరాళ్ళు, పైన మట్టి, కర్ర. కందకం తీస్తే గోడే పారతో కొట్టుకుపోతుంది. డెన్మార్కులో స్టీన్స్‌బర్గ్ అనే పండితుడు అనుసరించిన పద్ధతిని హర్స్ట్ తీసుకున్నాడు. ఇల్లు, పెరడు ఉన్న స్థలమంతా ఒకేసారి పలుచగా తెరిచి, ప్రతి రాయిని పటం మీద గుర్తించి, ఆ పొర తీసి మరొక పొరకు దిగడం ఆ పద్ధతి. ఒక్క ఇల్లు త్రవ్వడానికి ఏండ్లు పట్టింది. పేదవాని ఇంటికి అంత ఓపిక, అంత గౌరవం దక్కడం ఇంగ్లండు పురాతత్త్వంలో అదే తొలిసారి అంటే అతిశయోక్తి కాదు.

ఏమి దొరికింది? బంగారం కాదు. పొడవాటి ఇల్లు ఒకటి. ఒక కొసన మనుషులు, నడుమ పొయ్యి, రెండవ కొసన పశువుల కొట్టం, అన్నిటికి ఒకే కప్పు. చలిదేశంలో పశువుల ఒంటి వేడి కూడ ఇంటికి పనికివచ్చేదే. నేల మధ్యభాగం పళ్ళెంలా గుంటపడి కనిపించింది. ఎందుకా అని చూస్తే, చీపురుతో ఊడ్చి ఊడ్చి అరిగిపోయింది! మధ్యయుగపు రైతు మురికిలో పొర్లాడేవాడని వ్రాసిన చరిత్రకారులకు ఆ ఇంటి ఇల్లాండ్రు చెప్పిన జవాబు అది. ఇంట్లో పెంకులు పెద్దగా దొరకలేదు. ఊడ్చిన చెత్తంతా పెంటకుప్పకు, పెంట అంతా పొలానికి పోయింది. పగిలిన కుండపెంకులు దూరాన చేలలో దొరికాయి. తాళాలు, తాళంచెవులు దొరికాయి. తాళం వేశారంటే లోపల దాచుకొనదగినది ఏదో ఉన్నదనే గదా. సముద్రపు చేపల ఎముకలు కూడ దొరికాయి.

హర్స్ట్ మొదట ఈ ఇండ్లను నాసిరకపు గుడిసెలుగా భావించాడు. ఒక తరం వారు కట్టిన ఇల్లు కూలితే మరుసటి తరం వారు, పాత గోడతో పని లేకుండ, ఏదో ఒక వైపు తిప్పి మళ్ళీ కట్టుకునేవారని వ్రాశాడు. చాలాకాలం అందరూ అదే నమ్మారు. తరువాత స్టువర్ట్ రాత్‌మెల్ అనే పరిశోధకుడు అవే పటాలను మరల పరిశీలించి వేరొక మాట చెప్పాడు. ఇంటి బరువు గోడల మీద లేదు. నేల నుంచి కప్పు దాకా వంగి కలిసే పెద్ద దుంగల జంటలు బరువు మోసేవి. వాటి మధ్య గోడలు కేవలం తడికల వంటివి. తడిక మారుతుంది, దూలం నిలుస్తుంది. ఆ ఇండ్లు తరాల తరబడి నిలిచినవేనన్నమాట. నలభై ఏండ్ల శ్రమలో బయటపడిన ఆధారం ఒకటే. దానిని చదివిన కళ్ళు మారాయి.

ఇక చర్చి. ఈ ఊరికి పుట్టుక నుంచి చావు దాకా వ్రాసిన చరిత్ర ఏదైనా ఉన్నదంటే అది సెయింట్ మార్టిన్ చర్చి గోడలే. పునాదుల క్రింద మొదట దొరికింది పదవ శతాబ్దపు చిన్న కొయ్య కట్టడం. దాని మీద రాతి చర్చి లేచింది. ఊరు పెరిగిన కొద్దీ చర్చి చాలలేదు. 12 వ శతాబ్దంలో దక్షిణపు గోడకు కమానులు తొలిచి ఒక పక్కమండపం చేర్చారు. తరువాత ఉత్తరాన మరొకటి. బలిపీఠం వైపు కూడ పొడిగించారు. అవి మంచి రోజులు. ధాన్యం ధర బాగున్నది. మెట్ట మీద బీడన్నది లేకుండ దున్నారు. లోయలో సెలయేటికి అడ్డుకట్ట వేసి మర త్రిప్పారు. పెర్సీ అనే నార్మన్ ప్రభువుల ఇంటిపేరు ఊరి పేరుకు అతుక్కున్నది ఆ కాలంలోనే.

తరువాత అదే చర్చి ముడుచుకొనడం మొదలుపెట్టింది. పక్కమండపాలు ఒకదాని తరువాత ఒకటి తీసివేశారు. కమానులను రాళ్ళతో పూడ్చి మళ్ళీ గోడ చేశారు. ఆ పూడ్చిన కమానులు ఈనాటికీ గోడలో స్పష్టంగా కనబడుతున్నాయి. జనాభా లెక్కల పుస్తకం లేని కాలంలో ఒక ఊరి జనసంఖ్య పెరగడం, తరగడం ఇట్లా రాతిలో కనిపించే చోట్లు అరుదు.

గోడలు ఎందరో చెబుతాయి, ఎట్టివారో చెప్పవు. అది చర్చి ఆవరణలోని సమాధులు చెప్పాయి. త్రవ్వకాలలో దాదాపు 700 అస్థిపంజరాలు లభించాయి. ఇంగ్లండు పల్లెజనం గురించి ఇంత పెద్ద అస్థిసంపద మరొకచోట దొరకడం కష్టం. పంటి నిర్మాణాన్ని, ఎముక రసాయనాన్ని పరీక్షించే పద్ధతులు పెరిగినకొద్దీ, త్రవ్వకాలు ముగిసిన తరువాత కూడ ఆ ఎముకలు కొత్త సంగతులు చెబుతూనే వచ్చాయి. తల్లులు బిడ్డలకు సుమారు ఏడాదిన్నర వరకు పాలిచ్చేవారు. పాలు మానిన తరువాతనే కష్టకాలం. పదేండ్ల వార్రమ్ పిల్లవాడు ఈనాటి పదేండ్ల ఇంగ్లీషు పిల్లవానికంటే దాదాపు 20 సెంటీమీటర్లు పొట్టి. తిండి తక్కువ, జబ్బులు ఎక్కువ. క్షయ ఉన్నది. రోజల్లా పొలంలో వంగి పనిచేసిన ఆడవారికి కూడ వయసు మళ్ళిన తరువాత ఎముకలు గుల్లబారాయి. అది సుఖజీవనపు జబ్బని అనుకొనడానికి వీలులేదని వైద్యులు గ్రహించింది ఇటువంటి పరిశోధనల వల్లనే.

ఒక పుర్రెను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దాదాపు వేయి సంవత్సరాల క్రితం, నలభై ఏండ్ల వయసు గల ఒక రైతు తల మీద మొద్దు ఆయుధంతో బలమైన దెబ్బ తగిలింది. ఎముక లోపలికి అణిగింది. ఎవరో నేర్పరి తలచర్మం కోసి, విరిగిన ఎముకముక్కలు తీసి, మెదడు మీద ఒత్తిడి తగ్గించారు. గాయం మానింది, ఆ మనిషి తరువాత ఏండ్ల తరబడి జీవించాడు. ఆ కాలపు వైద్యం ప్రభువులకు, మఠాధిపతులకు మాత్రమే దక్కేదని చెప్పే పుస్తకాలు ఉన్నాయి. చేతనైనవాడు పల్లెలో కూడ ఉన్నాడు.

మరొక గుంటలో దొరికినది అంత హాయిగా చెప్పుకొనదగినది కాదు. చర్చి ఆవరణలో గాక, ఇండ్ల నడుమ ఒక గోతిలో 137 మానవ ఎముక ముక్కలు దొరికాయి. కనీసం పదిమందివి, పసివారివీ, పెద్దలవీ. వాటిమీద కత్తిగాట్లున్నాయి, కాలిన గుర్తులున్నాయి. గాట్లు ఎక్కువగా తల, మెడ దగ్గర. సైమన్ మేస్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2017 లో ప్రకటించిన పరిశోధనలో దీనికి కారణాలను తర్కించారు. కరవులో నరమాంసం తిన్నారా? మాంసానికి కోస్తే గాట్లు పెద్ద కీళ్ళ దగ్గర ఉంటాయి, మెడ దగ్గర కాదు. పరాయివారి శవాలా? పంటి పరీక్షలో వారు ఆ ప్రాంతం వారేనని తేలింది. చచ్చినవాడు దయ్యమై లేచివచ్చి జబ్బులు తెస్తాడన్న భయంతో శవాన్ని తెగనరికి కాల్చివేసి ఉంటారన్నదే ఎక్కువ నప్పే కారణమని వారి అభిప్రాయం. అటువంటి కథలు ఆ కాలపు ఇంగ్లీషు సన్యాసుల వ్రాతలలో ఉన్నాయి. అవి వట్టి కథలు కావని చెప్పే మొదటి భౌతిక సాక్ష్యం ఇదే కావచ్చు. ఇంత వణికే జనమే రోజూ ఇల్లూడ్చుకుని, తాళం వేసుకుని పొలానికి పోయారు.

ఇక అసలు ప్రశ్న. ఈ ఊరు ఎట్లా పోయింది?

ఎవరినడిగినా చెప్పే జవాబు ప్లేగు. 1348 లో ఇంగ్లండు రేవులలో దిగిన ఆ మహమ్మారి దేశ జనాభాలో మూడింట ఒక వంతును, కొందరి లెక్కలో సగాన్ని, రెండేండ్లలో తుడిచిపెట్టింది. వార్రమ్ పెర్సీ భూస్వామి వాల్టర్ హెస్లర్టన్ కూడ 1349 లోనే మరణించాడు. నల్లమృత్యువు వచ్చింది, ఊరు నాశనమైంది అంటే కథ తేలికగా ముగుస్తుంది. చదివేవారికి దుఃఖం కలుగుతుంది, ఎవరి మీదా కోపం రాదు. కాని ఆధారాలు వేరుగా చెబుతున్నాయి. ప్లేగుకు ముందే ఊరు దెబ్బతిన్నది. 14 వ శతాబ్దం తొలినాళ్ళలో వరుసగా తడికరవులు, పశువుల తెగుళ్ళు, స్కాట్లండు సేనల దోపిడీలు వచ్చాయి. 1323 నాటి విచారణ పత్రంలో ఊరి భూమి చాలా భాగం బీడుగా కనబడుతున్నది. అయినా జనం తేరుకున్నారు. ప్లేగు కూడ వచ్చి పోయింది. 1368 లో సుమారు ముప్పై ఇండ్లలో మనుషులున్నారు. ప్లేగు ఊరిని బలహీనపరచింది, చంపలేదు.

చంపినది ప్లేగు తరువాతి లెక్క. మనుషులు తగ్గారు గనుక కూలిరేట్లు పెరిగాయి. తినేవారు తగ్గారు గనుక ధాన్యం ధర పడింది. ఉన్ని ధర, వస్త్రాల గిరాకీ పెరిగాయి. ఒక అరక సాగాలంటే ఎడ్లు కావాలి, దున్నేవాడు, తోలేవాడు, కోతకు మనుషులు కావాలి. వందల గొర్రెలకు ఒక కాపరి, ఒక కుక్క చాలు. అటువైపు రైతులకు కూడ దారులు తెరుచుకున్నాయి. మెట్టభూమిని నమ్ముకుని దొరకు కట్టుబడి ఉండనక్కరలేదు; లోతట్టున మంచి నేల గల ఊళ్ళలో ఖాళీ కమతాలున్నాయి, పట్టణాలలో కూలి ఉన్నది. తమంతట తామే మూటాముల్లె సర్దుకుని వెళ్ళినవారు ఎందరో. 15 వ శతాబ్దపు నడిమికి వార్రమ్ పెర్సీలో పదహారు ఇండ్లు మిగిలాయి. ఈ మధ్యలో ఊరు పెర్సీల చేతి నుంచి హిల్టన్ వంశం చేతికి మారింది. వారి కోట దూరాన, డరమ్ సీమలో. ఊరి ముఖం చూడనక్కర లేని దొరకు రైతు అంటే శిస్తు, గొర్రె అంటే ఉన్ని. రెండింటిలో ఏది ఎక్కువన్నదే లెక్క.

1500 ప్రాంతాల ఆ లెక్క తేలిపోయింది. 1517 లో కార్డినల్ వోల్సీ ఆజ్ఞ మీద దేశమంతటా జరిగిన విచారణలో ఈ ఊరి ప్రస్తావన ఉన్నది. హిల్టన్ ప్రభువు వార్రమ్ పెర్సీలో నాలుగు అరకలు ఆపివేశాడు. నాలుగు ఇండ్లు పాడుపడ్డాయి. అంతే. దొర పేరు ఉన్నది, అరకల సంఖ్య ఉన్నది, ఇండ్ల సంఖ్య ఉన్నది. ఆరువందల సంవత్సరాల ఊరికి అధికారులు వ్రాసిన మరణవార్త ఒకటి రెండు పంక్తులు.

చట్టం లేకపోలేదు. ఏడవ హెన్రీ ప్రభుత్వం 1489 లోనే సేద్యపు ఇండ్లు కూల్చరాదని శాసనం చేసింది. అమలు చేయవలసినవారు భూస్వాములే కావడం వల్ల అది ఎంతవరకు పనిచేసిందో వేరుగా చెప్పనక్కరలేదు. అంతకుముందే వారిక్‌షైర్‌లో జాన్ రౌస్ అనే మతాచార్యుడు తన చుట్టుప్రక్కల నాశనమైన ఊళ్ళ పేర్లు యాభైకి పైగా జాబితా వ్రాసి, 1459 లో పార్లమెంటుకు మొరపెట్టుకున్నాడు. ఎవరు వినలేదు. 1516 లో అచ్చయిన ‘యుటోపియా’లో సర్ థామస్ మోర్ సాధుజంతువైన గొర్రె మనుషులను మ్రింగే మృగంగా మారిందని ఎత్తిపొడిచాడు. ఆ వ్యంగ్యాన్ని లోకం మెచ్చుకున్నది. గొర్రెల మందలు ఏమీ తగ్గలేదు. మన కళాశాలలలో ఇంగ్లీషు చదివినవారికి పాడుబడిన పల్లె అనగానే గోల్డ్‌స్మిత్ 1770 నాటి కావ్యం గుర్తుకువస్తుంది. ఆయన కాలపు పల్లెలు పోయినది వేరొక కారణం చేత. న్యూనమ్ కోర్ట్‌నేలో హార్‌కోర్ట్ ప్రభువు తన మేడ ముందు చూపుకు అందంగా ఉండాలని 1760 ప్రాంతాలలో ఊరిని ఊరుగా ఎత్తి దూరాన పెట్టించాడు. ఆ కావ్యానికి అదే ప్రేరణ అని చెబుతారు. గొర్రె కోసం పోయిన ఊళ్ళకు అటువంటి కవి దొరకలేదు.

వార్రమ్ పెర్సీ ప్రక్కనున్న రేస్‌థార్ప్, బర్డేల్, టౌథార్ప్ కూడ మధ్యయుగం ముగిసిన కాలానికి ఇంచుమించు ఇదే త్రోవ పట్టాయి. ఈనాడు వాటి స్థానాలలో ఒకటి రెండు కమతపు ఇండ్లు ఉన్నాయి. చుట్టూ అవే మిట్టలు, అవే డొంకలు.

అయితే పారిష్ చావలేదు. ఊరు దొరది, పారిష్ చర్చిది. దొర ఊరిని తీసివేయగలిగాడు గాని పారిష్‌ను తీసివేయలేకపోయాడు. థిక్సెన్‌డేల్‌లో జనం ఉన్నారు. వారి చర్చి వార్రమ్ పెర్సీలో ఉన్నది. కనుక మరి మూడున్నర శతాబ్దాలు ఒక వింత జరిగింది. సుమారు మూడు మైళ్ళ దూరాన ఉన్న ఊరి వారు పెండ్లికైనా, బిడ్డ జ్ఞానస్నానానికైనా, శవం పూడ్చడానికైనా మెట్ట ఎక్కి దిగి, మనిషి లేని ఊరికి వచ్చేవారు. చర్చి ప్రక్కన మతాచార్యుని ఇల్లు, ఒక పొలం యజమాని ఇల్లు మాత్రం దీపం వెలిగించేవి. మండపాలు తీసివేసిన ఆ చిన్న చర్చి థిక్సెన్‌డేల్ జనానికి సరిపోయేది. మంచులో శవపేటికను భుజాన మోసుకుని ఆ గుట్టలు దాటడం ఎట్లా ఉండేదో ఊహించుకొనవచ్చు.

18 వ శతాబ్దం చివర గొర్రెల బీళ్ళు మళ్ళీ నాగలి క్రిందకు వచ్చాయి. ధాన్యం ధర మళ్ళీ పెరిగింది మరి! కాని పాత ఊరు తిరిగి లేవలేదు. ఒక పెద్ద కమతం, జీతగాళ్ళు సరిపోయారు. 1853 లో మాల్టన్ నుంచి డ్రిఫీల్డుకు రైలుమార్గం ఈ లోయ గుండా పోయింది. బర్డేల్ దగ్గర గుట్టను తొలిచి సొరంగం చేశారు. రైలు వచ్చిందని ఊరు రాలేదు. ఆ రైలు కూడ 1958 లో నిలిచిపోయింది.

1870 లో సర్ టాటన్ సైక్స్ అనే భూస్వామి థిక్సెన్‌డేల్‌లోనే ఒక చర్చి కట్టించాడు. దానితో మూడు మైళ్ళ నడక తీరింది. వార్రమ్ పెర్సీ చర్చికి మిగిలిన ఒక్క పని పోయింది. తరువాత అప్పుడప్పుడు ప్రార్థనలు జరిగాయి, 1949 వరకు. పిమ్మట దొంగలు కప్పు మీది సీసపు రేకులు ఒలుచుకుపోయారు. వాన లోపలికి దిగింది. 1959 డిసెంబరులో, పండుగ రోజులలో, ఒక రాత్రి గోపురం సగం విరిగి పడింది. అప్పటికి మెట్ట మీద బెరెస్‌ఫర్డ్, హర్స్ట్‌ల త్రవ్వకాలు తొమ్మిదేండ్లుగా సాగుతున్నాయి. ఊరిని త్రవ్వుతున్నవారి కళ్ళ ముందే చర్చి కూడ పురాతత్త్వమైపోయింది. తరువాత ప్రభుత్వం దానిని రక్షణలోకి తీసుకుని, మిగిలిన గోడలను నిలబెట్టింది.

ఇప్పుడు ఆ చర్చి ఆవరణలో నిలిచి ఉన్న సమాధిఫలకాలు వార్రమ్ పెర్సీ వారివి కావు. అవి తరువాతి శతాబ్దాలలో చుట్టుప్రక్కల పొలాల నుంచి, థిక్సెన్‌డేల్ నుంచి తెచ్చి పూడ్చినవారివి. మొదటి ఊరి జనానికి, తల చిట్లి బ్రతికిన ఆ రైతుతో సహా, రాళ్ళు లేవు. 1982 లో ఆరంభమైన యార్క్‌షైర్ వోల్డ్స్ కాలిబాట ఈ ఊరి ప్రక్కగా సాగి, గట్టెక్కి థిక్సెన్‌డేల్‌లో దిగుతుంది. వీపున సంచులు తగిలించుకుని వచ్చిన పాదచారులు చర్చి గోడల చెంత కాసేపు కూర్చుని రొట్టె తింటారు. ఇండ్ల పునాదుల మీద పశువులు మేస్తుంటాయి. సాయంకాలం కాకముందే వారు లేచి థిక్సెన్‌డేల్ దారి పడతారు. అక్కడ ఇండ్లు ఉన్నాయి, రాత్రి బసకు చోటు దొరుకుతుంది.